దొర లేని రోజులు

పర్యావరణ సాంకేతికత పేరుతో ఈరోజు పుడుతున్న స్టార్టప్‌ల కథలు చాలావరకు స్థాపకుడితోనే మొదలవుతాయి: ఆయన కల, ఆయన మొండితనం, ఆయన నిద్రలేని రాత్రులు. గోదావరి డెల్టా వాళ్లకి ఇది పాత కథే. ధవళేశ్వరం ఆనకట్ట అనగానే మనకి కాటన్ దొరే గుర్తొస్తాడు.

1833 కరువు, 1839 ఉప్పెన ఈ సీమని ఊడ్చేశాక ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదన పెట్టాడు. 1847లో మొదలైన పని 1852కి పూర్తయింది. ఆయన నాయకత్వంలో నిజంగా గమనించాల్సినవి రెండు. కావేరి మీద చోళుల నాటి కల్లణ దగ్గర, ఇసుకలో పునాది నిలబెట్టే విద్యని ఈ దేశపు పాత పనివాళ్ల నుంచే నేర్చుకున్నానని ఆయన ఒప్పుకున్నాడు. పనిని తన గుప్పిట్లో పెట్టుకోలేదు కూడా. 1848లో జబ్బుపడి సెలవు మీద వెళ్లినప్పుడు కెప్టెన్ ఓర్ పని నడిపించాడు. కూలీలని కూడగట్టి పని సాగించిన వాళ్లలో వీణెం వీరన్న ఉన్నాడు. దొర లేకపోయినా కట్టడం లేచింది.

నీళ్లిస్తే లాభం తప్పదన్న కాటన్ నమ్మకమే తర్వాత ప్రైవేటు పెట్టుబడితో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అయింది. ఆ కంపెనీ కర్నూలు-కడప కాలువ తవ్వింది. కానీ తేమ నిలుపుకునే నల్లరేగడిలో వానకే పంట తీసే రైతు, డబ్బు కట్టి కాలువనీళ్లు ఎందుకు తీసుకుంటాడు? కంపెనీ నష్టపోయింది. 1882లో ప్రభుత్వం ఆ కాలువని కొనుక్కుంది. స్థాపకుడి నమ్మకం అక్కడికి చేరింది గానీ, స్థానికుల దగ్గర నేర్చుకునే అలవాటు చేరలేదు.

కాటన్ 1899లో పోయాడు. మరుసటి ఏడాది ఆయన జీవితచరిత్రని కూతురు ఎలిజబెత్ రాసింది, భర్త ఇంటిపేరుతో, లేడీ హోప్‌గా. తండ్రిని చరిత్రలో నిలబెట్టింది ఒక స్త్రీ కలమే. ఆ కాలపు మట్టిపనుల్లో తట్టలు మోసిన ఆడవాళ్లకి మాత్రం ఏ కూతురూ జీవితచరిత్ర రాయలేదు. వాళ్లు లెక్కల్లో కూలి రేటుగా మిగిలారు.

అందుకే ఏ సంస్థ గురించి చదివినా స్థాపకుడి ధైర్యం దగ్గర ఆగిపోకూడదు. ఆయన సెలవులో ఉన్న రోజుల్లో పని ఎవరు చేశారో, వాళ్ల పేర్లు ఎక్కడ రాసి ఉన్నాయో అడగాలి.