వేసవి పెరడు - చెరువు మట్టి

మే నెలలో జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీల సెంటిగ్రేడును దాటును. ఆ యెండలో పెరటిలోని బీరపాదు, వంగమొక్క, మునగచెట్టు నిలువవలెనన్న రోజూ రెండు బిందెల నీరు పోసినంత మాత్రమున చాలదు. నీటిని పట్టియుంచు మట్టి కావలెను. వేసవిలో ఎండని బావి కావలెను. ఈ రెండును పల్లెకు చెరువు వలననే లభించినవని ఈ ప్రాంతపు చరిత్ర తెలుపుచున్నది.

2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ మూడు జిల్లాలలోని గ్రామములు అధికభాగము పూర్వపు వరంగల్లు జిల్లాలోనివే. జనగామ, మహబూబాబాదు ప్రాంతములలో చాలచోట్ల పైన ఎఱ్ఱని చెల్క నేల, అడుగున గ్రానైటు జాతి రాయి ఉన్నవి. నీరు ఆ రాయిలో ఇంకదు. దాని పగుళ్లలోను, పైనున్న శిథిలమైన పొరలోను మాత్రమే నిలుచును. కనుక వానకాలపు నీటిని కట్టవేసి ఆపుట ఇచ్చట జీవనావసరమైనది.

కాకతీయ గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు పాలించెను. ఆయన కాలమున నేటి భూపాలపల్లి జిల్లాలోని గణపురమున పెద్ద చెరువు వెలసెను. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువును ఆయన సోదరి మైలాంబ త్రవ్వించెను. అచ్చటి శాసనము కాకతీయుల వంశచరిత్రకు ముఖ్యమైన ఆధారము.

చెరువు పొలమునకు నీరిచ్చుటతో ఆగదు. దానినుండి ఇంకిన నీరు చుట్టుపట్ల బావులలో ఊటయగును. వాననీటితో కొట్టుకొనివచ్చిన సన్నని మట్టి చెరువు అడుగున పేరుకొనును. వేసవిలో చెరువు ఎండగానే రైతులు ఆ మట్టిని బండ్లకెత్తి తోలుకొనిపోవుట పాత అలవాటు. చెల్క నేలలో ఇసుక రేణువులు పెద్దవి. వాని నడుమనుండి నీరు త్వరగా జారిపోవును. చెరువు మట్టిలోని బంకరేణువులు 0.002 మిల్లీమీటరు కంటెను చిన్నవి. అవి నీటిని, పోషకములను పట్టియుంచును. మట్టి తీసినందున చెరువునకు లోతు కూడ తిరిగి వచ్చును.

కాకతీయుల నాటి పెరటిలో మిరప, టమాట, జామ, బొప్పాయి లేవు. ఇవన్నియు అమెరికా ఖండమునకు చెందినవి. 1498లో వాస్కోడగామా వచ్చిన పిమ్మట మన దేశమునకు చేరినవి. బతుకమ్మలో చేర్చు బంతిపువ్వుకు పుట్టినిల్లు మెక్సికో. మొక్కలు మారినవి గాని, వాని వేళ్లకు కావలసిన తేమ మారలేదు.

కాలక్రమమున పలు చెరువులు పూడుకొనిపోయినవి. గొట్టపుబావులు పెరిగి, త్రవ్విన బావులు చాలచోట్ల ఎండినవి. బావి ఎండిన యింట, తాగునీటికే కరవైనపుడు, మొదట వాడునది పెరడే. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేరున 46 వేలకు పైగా చెరువులను బాగుచేయ సంకల్పించి పూడికతీత నారంభించెను. ఆ మట్టిని రైతులు తమ పొలములకు తోలుకొనిరి. ఇంకొకవైపు ఇంటివాకిళ్లు సిమెంటుతో కప్పబడుచున్నవి. వాటిపై పడిన వాన ఇంకక మురుగుకాలువ పాలగుచున్నది.

విద్యార్థులు ఒక చిన్న ప్రయోగము చేసి చూడవచ్చును. అడుగున రంధ్రమున్న రెండు కుండీలు తీసికొని, ఒకదానిలో చెల్క మట్టిని, రెండవదానిలో నాలుగవవంతు చెరువు మట్టి కలిపిన చెల్క మట్టిని నింపవలెను. రెండింటను సమానముగా నీరు పోసి, క్రిందికి కారిన నీటిని కొలువవలెను. ఆ రెండు కొలతల భేదమే వేసవిలో పెరటిమొక్కకు మిగులు నీరు.