మదనపల్లె నుంచి మద్రాసు మీదుగా

తెలుగు తెరకు తెలుగమ్మాయిలు దొరకడం లేదన్నది మన పరిశ్రమలో పాత పాట. దొరికినవాళ్లు ఎటు వెళ్లారో చూస్తే ఆ మాట నిలవదు. మదనపల్లెలో పుట్టిన బిందు మాధవి సంగతే తీసుకోండి.

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి కొసన ఉన్నాయి మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఒకవైపు కోలారు, బెంగళూరు; మరోవైపు కృష్ణగిరి, వేలూరు. చదువుకైనా, వైద్యానికైనా ఈ సీమవాళ్లకు హైదరాబాదే దూరం. బిందు కూడా వేలూరు వీఐటీలో బయోటెక్నాలజీ చదివారు, ఆపైన మోడలింగ్‌లోకి వచ్చారు. శేఖర్ కమ్ముల నిర్మించగా అనీష్ కురువిల్లా తీసిన 'ఆవకాయ్ బిర్యానీ' (2008)తో కథానాయిక అయ్యారు. అందులో ఆవకాయ అమ్ముకుని బతికే అమ్మాయి పాత్ర. తర్వాత 'బంపర్ ఆఫర్' (2009), 'పిల్ల జమీందార్' (2011) వగైరా వచ్చాయి. చిత్రాలు ఆడినా, ఆమెకంటూ ఏమీ మిగల్లేదు.

తమిళంలో అలా కాలేదు. గౌతమ్ మేనన్ నిర్మించిన 'వెప్పం' (2011)లో వేశ్య పాత్ర వేశారు. కొత్త నటి వెనకాడే పాత్ర అది. మరుసటి ఏడాది వచ్చిన 'కళుగు', లోయలో పడి చనిపోయినవాళ్ల శవాలను పైకి తెచ్చే కుర్రాళ్ల కథ. ఆమె పేరు అక్కడ గట్టిగా వినబడింది ఈ చిత్రంతోనే అని నా అభిప్రాయం. 2013లో 'కేడి బిల్లా కిల్లాడి రంగా', 'దేసింగు రాజా' వచ్చాయి. రాజోలు అంజలి, హైదరాబాదు శ్రీదివ్య కూడా ఆ రోజుల్లో అక్కడే వెలిగారు. మనవాళ్లేమో కథానాయికల కోసం ముంబయి విమానం ఎక్కుతున్నారు!

సినిమాలు నెమ్మదించాక ఆమెను నిలబెట్టింది బుల్లితెర. 2017లో కమల్‌హాసన్ నడిపిన తమిళ బిగ్‌బాస్ తొలి సీజన్‌లోకి వైల్డ్‌కార్డుగా వెళ్లారు. 2022లో నాగార్జున వ్యాఖ్యాతగా హాట్‌స్టార్‌లో వచ్చిన 'బిగ్‌బాస్ నాన్‌స్టాప్' గెలిచారు. తెలుగు బిగ్‌బాస్‌లో ఆడపిల్ల గెలవడం అదే మొదలు. నటనకు కాక మాటతెగువకు ఓట్లు పడ్డాయని సణిగినవాళ్లూ ఉన్నారు. ఆ తెగువను వాడుకునే పాత్రలు అంతకుముందు మనం రాయలేదు కదా!

2023లో ఆహాలో వచ్చిన 'న్యూసెన్స్' సిరీస్‌లో అలాంటిది దొరికింది. మదనపల్లె విలేకరులు, వాళ్ల బేరసారాలు కథావస్తువు. నవదీప్‌ది విలేకరి పాత్ర, బిందుది స్థానిక చానెల్‌లో వార్తలు చదివే అమ్మాయి పాత్ర. తొలి తెలుగు చిత్రానికీ దీనికీ మధ్య పదిహేనేళ్లు గడిచాయి.