నీలం క్యాప్సూల్‌లో పుట్టినరోజు

గాజు జాడీలోకి చెయ్యి దిగింది.

1969 డిసెంబర్ 1, రాత్రి. వాషింగ్టన్‌లో, కుర్రాళ్లని సైన్యంలోకి పిలిచే సెలెక్టివ్ సర్వీస్ ప్రధాన కార్యాలయం. బయట చలి. లోపల కెమెరాలు, కళ్లు చెదిరే లైట్లు. కాంగ్రెస్ సభ్యుడు అలెగ్జాండర్ పిర్నీ వేళ్లకి నీలం ప్లాస్టిక్ క్యాప్సూల్ ఒకటి తగిలింది. పైకి తీశాడు. విప్పితే చుట్టచుట్టిన చీటీ.

సెప్టెంబర్ 14.

బోర్డు మీద 001కి ఎదురుగా అంటించారు. 1944 నుంచి 1950 దాకా ఏ ఏడాది ఆ తేదీన పుట్టినా సరే, వియత్నాం యుద్ధానికి ముందుగా పిలుపు వచ్చేది ఆ కుర్రాడికే. జాడీలో ఇంకా 365 ఉన్నాయి.

ఏప్రిల్ 24. డిసెంబర్ 30. ఫిబ్రవరి 14. సీబీఎస్ లైవ్ ఇస్తోంది. హాస్టళ్లలో టీవీల చుట్టూ కుర్రాళ్లు కిక్కిరిసిపోయారు. తేదీ పడినవాడు మాటాపలుకూ లేకుండా లేచి పోతున్నాడు, మిగతావాళ్లు అతని మొహం చూడలేక తెర వైపే కళ్లప్పగించారు. చీటీలు తియ్యడానికి పిలిచిన యువ ప్రతినిధుల్లో కొందరు అక్కడికక్కడే నిరసన తెలిపారు. చెయ్యి మారింది తప్ప జాడీ ఆగలేదు.

1942 తర్వాత అమెరికాలో ఇలా చీటీలు తియ్యడం ఇదే మొదలు. అప్పటిదాకా ఎవర్ని పంపాలో ఊళ్లలోని డ్రాఫ్ట్ బోర్డులు తేల్చేవి. ఎలాగూ పిలుస్తారని తెలిసి, నచ్చిన విభాగం దొరుకుతుందని ముందే వాలంటీర్‌గా చేరినవాళ్లు బోలెడుమంది. తెలివైన దారి ఇంకోటుంది: నేషనల్ గార్డ్, రిజర్వు దళాలు. వాటిని వియత్నాం పంపింది బాగా తక్కువ కాబట్టి అక్కడ చేరడానికి పెద్ద క్యూ. జార్జి డబ్ల్యూ బుష్ 1968లోనే టెక్సస్ ఎయిర్ నేషనల్ గార్డ్‌లో చేరిపోయాడు. ఆ దారి దొరకనివాళ్లకి మిగిలింది ఈ జాడీయే.

ఆగస్టు 19కి 311 పడింది. ఆ తేదీన పుట్టినవాడొకడు అప్పటికి ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్నాడు. పేరు బిల్ క్లింటన్. గండం గడిచింది. ఆఖరి చీటీ జూన్ 8, నంబరు 366. లాటరీ ముగిసింది. గొడవ మొదలైంది.

కొత్త ఏడాది మొదట్లోనే లెక్కల మాస్టార్లు బోర్డుని పట్టిపట్టి చూశారు. ఏడాది చివరి తేదీలకే చిన్న నంబర్లు ఎక్కువ పడ్డాయి. కారణం కలిపిన తీరు. ముందు జనవరి క్యాప్సూళ్లు చెక్కపెట్టెలో పోసి, వాటికి ఫిబ్రవరివి కలిపి, ఆపైన మార్చివి కలిపి, అలా నెల మీద నెల వేసుకుంటూ పోయేసరికి జనవరివి పదేపదే కలిసిపోయి, డిసెంబర్‌వి మాత్రం ఒక్కసారే కలిసి, పెట్టెని జాడీలోకి వంచేటప్పటికీ ఆ తేడా పోలేదు. తీసిన చేతులు ఎక్కువగా పైపైనే తడిమాయి.

పిలుపులు 195 దగ్గర ఆగాయి. డిసెంబర్ నెలలోని 31 తేదీల్లో 26 ఆ గీత లోపలే పడ్డాయి. జనవరిలో 14. ఎవరూ మోసం చెయ్యలేదు, సరిగ్గా కలపలేదు, అంతే.

1970 జులై 1న మళ్లీ తీశారు. ఈసారి రెండు డ్రమ్ములు: ఒకదాంట్లో తేదీలు, రెండోదాంట్లో నంబర్లు. కానీ అది 1951లో పుట్టినవాళ్ల కోసం. వాళ్లకంటే పెద్దవాళ్లకి డిసెంబర్ రాత్రి పడ్డ నంబర్లే ఖాయం చేశారు.