ఈమెయిల్ విషయపంక్తి: ఆస్కీ పరిమితి, తెలుగు లిపి

1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 822 ప్రమాణం ఈమెయిల్ విషయపంక్తిని ఆస్కీ అక్షరాలకే పరిమితం చేసింది. ఇతర లిపులను ఆస్కీ సంకేతాలుగా మార్చి పంపే పద్ధతిని 1996లో ఆర్‌ఎఫ్‌సీ 2047 స్థిరపరచింది. అందులో ఒక్కో సంకేతఖండం 75 అక్షరాలకు మించరాదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు వర్ణానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు కావాలి. కనుక బేస్64 పద్ధతిలో ఒక ఖండంలో ఇమిడేవి 15 మాత్రమే.

దీర్ఘశీర్షికలు ఖండాలుగా విడిపోక తప్పదు. వర్ణాన్ని మధ్యలో విరవరాదన్న నియమాన్ని సాఫ్ట్‌వేర్ విస్మరిస్తే విషయసూచిక చెదిరిపోతుంది. ప్రత్యుత్తరాలలో ‘రీ’, జర్మన్ ‘ఏడబ్ల్యూ’, స్వీడిష్ ‘ఎస్‌వీ’ వంటి సంక్షిప్తాలు ముందు పేరుకుంటే ఒకే చర్చ వేర్వేరు శీర్షికల కింద చీలిపోతుంది.

ఏ లేఖ దేనికి ప్రత్యుత్తరమో తెలిపే గుర్తింపు సంకేతాలు విషయపంక్తిలో కాక విడిగా ఉంటాయి. కనుక ఈమెయిళ్లను చారిత్రక ఆధారాలుగా భద్రపరచేవారు సంపూర్ణ శీర్షభాగాన్నీ నిలుపుకోవాలి.