కన్ను కడిగే నీళ్లు

మా పల్నాడు పత్తి చేలల్లోకి పురుగుమందుల్లో ముందు ఎండ్రిన్ వచ్చింది, తర్వాత మోనోక్రోటోఫాస్, 1980ల్లో సింథటిక్ పైరిత్రాయిడ్లు. ఆ దశకంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ పీల్చేస్తుంటే, రైతులు అప్పు చేసి మరీ మందు మీద మందు కొట్టారు. సీసా వచ్చింది, పంపు వచ్చింది, అరువు వచ్చింది. కన్ను కడుక్కోవడానికి నీళ్లు మాత్రం చేలోకి రాలేదు. ఆసుపత్రిలో నర్సుగా ఉండి ఆ లోటు ఎంతటిదో చూశాను.

"మందు చింది కంట్లో పడింది నర్సమ్మా" అంటూ వచ్చేవాళ్లు. గాలికి ఎగిరే తుంపర సంగతి అలా ఉంచండి, సీసాలోని చిక్కటి మందు కలిపేటప్పుడు చిందడం అంతకన్నా ప్రమాదం. మోనోక్రోటోఫాస్ పడితే కంటిపాప గుండుసూది మొనంత అయిపోయేది, చూపు మసకబారేది. వాళ్లు వచ్చేసరికే ఆ కంట్లో ఆముదమో, బాలింతనడిగి తెచ్చిన చనుబాలో పడి ఉండేవి. ప్రేమతో చేసిన పనే. కానీ వాటికోసం ఊళ్లోకి పరుగెత్తినంతసేపూ మందు కంట్లోనే ఉండేది.

1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన ఆహారం తిని 100 మందికి పైగా చనిపోయాక, 1968లో పురుగుమందుల చట్టం, 1971లో దాని నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం డబ్బాలో ప్రాంతీయ భాషలో కరపత్రం ఉండాలి, అందులో ప్రథమ చికిత్స రాయాలి. అది మంచి నిబంధనే. అయితే మందు కొట్టే కూలీ చేతికి ఆ కాగితం చేరడం నేను చూడలేదు.

చేయాల్సింది ఇది. సాయం చేసేవాళ్లు ముందు తమ చేతులు కడుక్కోవాలి. కన్ను నలపకూడదు. తల ఆ కంటి వైపు వంచి, రెప్పలు విడదీసి పట్టుకుని, ముక్కు వైపు నుంచి బయటికి పారేలా సన్నటి ధారగా మంచినీళ్లు కనీసం 15 నిమిషాలు పోయాలి. మందు పడిన చొక్కా విప్పేయాలి. చుక్కల మందులేవీ వేయకుండా, సీసానో దాని లేబులో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ అవసరమో కాదో తేల్చుకోవడానికి డాక్టరుకు ఆ మందు పేరు కావాలి.

ఆ 15 నిమిషాలకు, నిమిషానికి లీటరున్నర అనుకున్నా నీళ్లు 22 లీటర్లు దాటుతాయి. వర్షాధారపు నల్లరేగడిలో బండి మీద డ్రమ్ముతో తెచ్చిన నీళ్లన్నీ మందు కలపడానికే సరిపోయేవి, మందు చేతులు ముంచేదీ ఆ నీళ్లలోనే. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ పత్తి చేలల్లో మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు, కొందరికి చూపు దెబ్బతింది. మందు ఖర్చు లెక్క రాసుకునే ఆసామి రెండు క్యాన్ల మంచినీళ్లను కూడా ఆ లెక్కలోనే రాయాలి, మొదటి పంపు నింపకముందే వాటిని గట్టు మీద పెట్టించాలి.