400 పిన్నుల కథ

సౌదీలో కాపురమున్నవాళ్లకు ఈ తంటా తెలుసు. పాత ఇళ్లలో అందరూ 110 అని పిలిచే 127 వోల్టుల సాకెట్టూ, 220 సాకెట్టూ రెండూ కనిపిస్తాయి. దేశమంతా 230కి మారాలని 2010లో సర్కారు నిర్ణయించాక ఆ పని విడతలుగా సాగింది. ప్లగ్గు దూరినంత మాత్రాన కరెంటు సరిపడ్డట్టు కాదని మిక్సీ కాల్చుకున్నవాళ్లకు వేరే చెప్పాలా? దహ్రాన్‌లోని కింగ్ ఫహద్ యూనివర్సిటీలోనో, థువల్‌లోని కౌస్ట్‌లోనో ఎలక్ట్రానిక్స్ చదివే మన పిల్లలకు ఇదే చిక్కు ఎఫ్‌పీజీఏ బోర్డు దగ్గర ఎదురుకావచ్చు.

కొన్న తర్వాత కూడా లోపలి సర్క్యూట్‌ను మార్చుకోగలిగే చిప్ ఎఫ్‌పీజీఏ. 1985లో జైలింక్స్ కంపెనీ తెచ్చిన ఎక్స్‌సీ2064లో ఉన్నవి 64 లాజిక్ బ్లాకులే. (ఆ జైలింక్స్‌ను 2022లో ఏఎండీ కొనేసింది.) చిప్ లోపల ఎన్నిసార్లు మార్చుకున్నా, దాని చుట్టూ ఉన్న బోర్డు మారదు కదా. ఇవాళ కెమెరా కావాలి, రేపు రేడియో కావాలి. వాటిని విడి కార్డుల మీద పెట్టి బోర్డుకు తగిలిద్దామన్న ఆలోచనతో డాటర్ కార్డులు వచ్చాయి.

అంతకుముందే పీఎంసీ కార్డులున్నాయి. అవి పీసీఐ బస్సు అనే డేటా దారి మీద మాట్లాడతాయి కాబట్టి ప్రతి కార్డు మీదా ఆ బస్సుకు సరిపడే హంగు ఉండాలి. ఎఫ్‌పీజీఏకు ఆ మధ్యవర్తి అక్కర్లేదు, నేరుగా ఏ భాషైనా మాట్లాడగలదు. దాంతో ఎవరి దారి వారు పట్టారు. ఆల్టెరా కంపెనీ 172 పిన్నుల హెచ్‌ఎస్‌ఎంసీ కనెక్టర్ పెట్టింది. డిజిలెంట్ కంపెనీ 6, 12 పిన్నుల పీమాడ్ కనెక్టర్‌తో సరిపెట్టింది. ఒకరి కార్డు ఇంకొకరి బోర్డుకు ఎక్కదు.

ఈ గందరగోళానికి వీటా అనే పరిశ్రమల సంఘం 2008లో ఒక ప్రమాణం రాసింది. అదే వీటా 57.1, వాడుకలో ఎఫ్‌ఎంసీ. 2010లో దాన్ని సవరించారు. కార్డు వెడల్పు 69 మిల్లీమీటర్లు. పెద్ద కనెక్టర్ హెచ్‌పీసీలో 40 పిన్నుల వరసలు పది, అంటే 400. చిన్నది ఎల్‌పీసీ: చట్రం అదే, నింపినవి సీ, డీ, జీ, హెచ్ వరసలు మాత్రమే, 160 పిన్నులు. కాబట్టి చిన్న కార్డు పెద్ద కనెక్టర్‌లో హాయిగా కూర్చుంటుంది. పెద్ద కార్డు చిన్నదాంట్లోనూ కూర్చుంటుంది, కానీ మిగిలిన ఆరు వరసలకు అవతల ఏమీ ఉండదు.

అసలు మెలిక ఇంకోటుంది. ఏ పిన్ను ఎక్కడుండాలో ప్రమాణం చెప్పింది కానీ, అన్నిటికీ తీగ లాగి తీరాలని బోర్డు తయారీదారు మెడ మీద కత్తి పెట్టలేదు. జైలింక్స్ కేసీ705 బోర్డు మీది హెచ్‌పీసీనే తీసుకోండి. 400 పిన్నులూ కంటికి కనిపిస్తాయి. కానీ హెచ్‌బీ అనే గుంపు సిగ్నళ్లు ఎఫ్‌పీజీఏ దాకా రావు, పది హైస్పీడ్ లేన్లకు గాను నాలుగే వస్తాయి. డబ్బా మీద హెచ్‌పీసీ అని చూసి కొనడం వట్టి అమాయకత్వం.

వోల్టేజీ మరీ చిలిపిది. కార్డు సిగ్నళ్లకు కావలసిన వోల్టేజీని బోర్డే వీ-ఏడీజే అనే పిన్నుల మీద ఇవ్వాలి. మామూలుగా కేసీ705 ఇచ్చేది 2.5 వోల్టులు, అదే కంపెనీ మరో బోర్డు వీసీ707 ఇచ్చేది 1.8. వీసీ707 మీది వర్టెక్స్-7 ఎఫ్‌పీజీఏ పిన్నులు 1.8 దాటితే తట్టుకోలేవు. 2.5 కోసం చేసిన కార్డు అక్కడ చక్కగా బిగుసుకుని మౌనంగా ఉండిపోవచ్చు. ప్రమాణం రాసినవాళ్లు ఇది ఊహించకపోలేదు. కార్డు మీద చిన్న మెమరీ చిప్ పెట్టి, తనకేం వోల్టేజీ కావాలో అందులో రాయమన్నారు. బోర్డు ముందు దాన్ని చదివి, ఆ తర్వాతే వోల్టేజీ ఇవ్వాలని వాళ్ల ఉద్దేశం. చదివే బోర్డుకైతే అది పనికొస్తుంది.

2018లో వీటా 57.4, అంటే ఎఫ్‌ఎంసీ ప్లస్ వచ్చింది. వరసలు 14 అయ్యాయి, పిన్నులు 560, హైస్పీడ్ లేన్లు 24. పాత కార్డులు కొత్త బోర్డుకు ఎక్కుతాయి, పాత షరతులతోనే.

విదేశం నుంచి కార్డు తెప్పించే ముందు దాని స్కీమాటిక్‌నూ, బోర్డు స్కీమాటిక్‌నూ పక్కపక్కన పెట్టుకుని పిన్ను పిన్నూ సరిచూడండి. క్లాకు పిన్నులనూ, వీ-ఏడీజేనూ ముందు చూడండి. స్కీమాటిక్ ఇవ్వనన్న అమ్మకందారు దగ్గర కొనకండి.