తొంభై ఎనిమిది మంది ముసలివాళ్ళు

"తట్టు ఒకసారి పోసిందంటే జన్మలో మళ్ళీ పొయ్యదే!" అనేది మా అమ్మమ్మ. తనకి చిన్నప్పుడే పోసిందట. అందుకని ఇంట్లో ఏ పిల్లకి తట్టు పోసినా, గుమ్మానికి వేపమండలు కట్టి, పక్కన తనే కూర్చునేది. ఆ ధైర్యం వెనక ఎంత నిజముందో, ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవుల కథ చదివాక గానీ నాకు తెలిసిరాలేదు.

డెన్మార్క్ ఏలుబడిలోని ఆ దీవులకు 1781లో తట్టు వచ్చి వెళ్ళింది. తరవాత అరవై అయిదేళ్ళు దాని జాడే లేదు. 1846 మార్చిలో కోపెన్‌హేగెన్ నుంచి వచ్చిన ఓ వడ్రంగితో పాటు అదీ ఓడ దిగింది. కొద్ది నెలల్లోనే అక్కడున్న 7,782 మందిలో సుమారు 6,000 మంది మంచమెక్కారు. పిల్లల జబ్బంటాం గానీ, అక్కడ పెద్దవాళ్ళనీ వదల్లేదు.

ప్రభుత్వం పంపిన ఇద్దరు డాక్టర్లలో పీటర్ పానుమ్‌కి అప్పటికి పాతికేళ్ళే. ఎవరికి ఏ రోజున దద్దుర్లు కనిపించాయో, అంతకుముందు ఎక్కడెక్కడికి వెళ్ళారో, ఊరూరా తిరిగి అడిగి రాసుకున్నాడు. ఒక ఊరి మగవాళ్ళు పదిమంది జూన్ 4న పడవలో తిమింగలాల వేటకు వెళ్ళొచ్చారు. జూన్ 18న పదిమందికీ ఒక్కసారే దద్దుర్లు! అంటే, సోకిన రెండు వారాలకి బయటపడుతుందన్నమాట.

అంతకంటే చిత్రం ముసలివాళ్ళది. 1781లో తట్టు పోసినవాళ్ళు 98 మంది పానుమ్ కంటబడ్డారు. చుట్టూ అందరూ పడకేసినా, వాళ్ళలో ఒక్కరికీ మళ్ళీ సోకలేదు!

అమ్మమ్మ మాట నిజమే. ఆవిడకి తెలియనిది ఇంకొకటుంది. జ్వరం, జలుబు, దగ్గు, ఎర్రబడిన కళ్ళతో మొదలయ్యే ఈ జబ్బు దద్దుర్లు రావడానికి నాలుగురోజుల ముందునుంచే గాలిద్వారా అంటుకుంటుంది. మనం వేపమండ కట్టేసరికే పక్కింటి పిల్లకి చేరిపోయి ఉండొచ్చు. కొందరు పసివాళ్ళకి న్యుమోనియా తెచ్చి ప్రాణాలే తీస్తుంది. ఒకసారి పోసి పోతే మంచిదేగా అనుకోవడానికి వీల్లేదు.

1963లో దీనికి టీకా వచ్చింది. మన దేశంలో 1985 నుంచి పిల్లలందరికీ వేసే టీకాల్లో చేరింది. ఇప్పుడు తొమ్మిది నెలలు నిండగానే ఒకటి, పదహారు నుంచి ఇరవైనాలుగు నెలల మధ్య రెండోది వేస్తున్నారు. ఆ ముసలివాళ్ళు జబ్బుపడి సంపాదించుకున్న రక్షణ మన పిల్లలకి రెండు సూదిపోట్లతో దొరుకుతోంది.

రెండో సూదినాడు మా మనవరాలు వీధి మొగదాకా వినపడేలా ఏడ్చింది. ఏడిస్తే ఏడ్చిందిలెండి! కార్డులో రెండో గడి కూడా నిండింది.